ఆకు మంచం: మా తాతకు కట్టు కట్టిన ఆసుపత్రిని వెతుక్కుంటూ

మా తాత ఎడమ పిక్క మీద అరచేయంత మచ్చ ఉండేది. కాగిన పాల మీద మీగడలాగా ముడతలు పడి, పల్చగా మెరిసేది. చలికాలం వస్తే ఆ చర్మం చిట్లి నీరు కారేది. అప్పుడు పాత పంచె చింపి, వేడినీళ్ళలో ఉడకబెట్టి ఆరేసి, కాలివేళ్ళ దగ్గర మొదలుపెట్టి మోకాలి దాకా చుట్టుకునేవాడు. గుడ్డ కొస పట్టుకునే పని నాది. "బిగువు తగ్గకుండా పట్టుకోయే, ఒదిలీకు" అనేవాడు. పెద్దయ్యాక నేను ఫార్మసిస్టునై శ్రీకాకుళం జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ముప్పై రెండేళ్ళు పనిచేశాను. ఎన్నో పుళ్ళు చూశాను. కట్టు గుడ్డను ముందు మరగబెట్టాలని చదువురాని మా తాతకు ఎవరు నేర్పారన్న ప్రశ్న మాత్రం రిటైరయ్యే దాకా నాకు తట్టలేదు.

తాత రంగం వెళ్ళినవాడు. మా వైపు రంగూన్ అనరు, రంగం అనే అంటారు. కళింగపట్నంలో స్టీమరెక్కి, ఒక మేస్త్రీ వెంట పద్దెనిమిదో ఏట వెళ్ళాడు. అప్పట్లో మా తీరంలో అది వింతేమీ కాదు. 1931 జనాభా లెక్కల ప్రకారం రంగం నగరంలో సగానికి పైగా భారతీయులే. రేవులో బస్తాలు మోసేవాళ్ళలో మనవాళ్ళు లెక్కలేనంతమంది. బర్మావాళ్ళు మనల్ని కోరంగీలు అనేవారు. కాకినాడ పక్కన ఉన్న కోరంగి రేవు పేరే మొత్తం జాతికి అంటుకుపోయింది.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగం మీద బాంబులు వేశాయి. వెయ్యిమందికి పైగా పోయారు. తాత అప్పుడు రేవులోనే ఉన్నాడు. గోలీకాయంత ఇనుప ముక్క ఒకటి పిక్కలో దిగింది. ఎవరో పీకేసి, తలగుడ్డతో కట్టారు. తర్వాత నడక మొదలైంది. ఓడల్లో టిక్కెట్లు మనలాంటివాళ్ళకు దొరికే పరిస్థితి లేదు. మాండలే చేరేసరికి ఏప్రిల్. ఆ నెల 3న మాండలే కూడా తగలబడింది. అక్కడినుంచి రైలు మీద మ్యిట్‌కీనా. మే 8న అదీ జపాను చేతికి పోయింది. ఇక మిగిలింది హుకాంగ్ లోయ, ఆ తర్వాత కొండలు, పాంగ్సౌ కనుమ, దాని అవతల అస్సాం. సరిగ్గా వానలు దిగాయి. మోకాటి లోతు బురద, జలగలు, తిండి లేదు.

ఆ దారిలో జలగ కరిచినా, ముల్లు గీసినా పుండుగా మారి కండను తినేసేది. నాగా పుండు అని దానికి పేరే ఉంది. తిండిలేని ఒంట్లో అది ఎముక దాకా పోతుంది. తాతకు ఇనుప ముక్క గాయం మీదే అది పట్టింది. "పురుగులు మెసిలీవి. నాకే నా కాలు కంపు కొట్టీది" అనేవాడు. ఆ ఏడాది బర్మా నుంచి సుమారు ఐదు లక్షల మంది భారతీయులు వెనక్కి వచ్చారని అంచనా. దారిలో రాలిపోయినవాళ్ళు వేలల్లోనే ఉన్నారు. మా తాతతో బయల్దేరిన తొమ్మిదిమందిలో ఊరు చేరినవాళ్ళు ఇద్దరు.

ఆసుపత్రి గురించి తాత చెప్పింది మూడే ముక్కలు. మరగరెట్టులో ఉన్నానని. డాక్టరు బాబు, ఒక ఆడమనిషి బతికించారని. "ఆకు మంచం మీద తొంగోబెట్టినారు" అని. ఈ చివరి మాట జ్వరం కలవరింత అనుకున్నాం. మరగరెట్టు అంటే ఎవరో మార్గరెట్ అనే తెల్ల నర్సు అనుకున్నాం. మా మామ్మ అయితే దేవుడి గూట్లో దీపం పెట్టినప్పుడు ఆ పేరు కూడా ఒకసారి తలుచుకునేది.

రిటైరైన ఏడాది, మనవడి అట్లాసులో అస్సాం పుట చూస్తున్నాను. తిన్‌సుకియా, డిగ్బోయ్, ఆ పక్కన లీడో. రెండింటికీ మధ్య మార్గెరిటా. ఊరి పేరు. ఆ అక్షరాల మీద వేలు పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో గుర్తులేదు. రైలు మార్గం వేసిన ఇటలీ ఇంజినీరు గౌరవార్థం వాళ్ళ రాణి పేరు పెట్టారట. మా తాతను బతికించింది ఒక మనిషి కాదు, ఒక ఊరు.

అక్కణ్ణుంచి మొదలైంది నా తిరుగుడు. ముందు నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ అభిలేఖ్ పటల్ వెబ్‌సైటులో వెతికాను. విదేశాల్లోని భారతీయుల వ్యవహారాలు చూసే శాఖ ఒకటి ఆ రోజుల్లో ఉండేది. బర్మా కాందిశీకుల కాగితాలు చాలా దాని కిందే ఉన్నాయి. కొన్ని ఇంట్లో కూర్చుని చదవొచ్చు. మిగతావాటి కోసం ఢిల్లీ జనపథ్‌లో వారం రోజులున్నాను. నేను చూసిన ఫైళ్ళలో బియ్యం లెక్కలు, రైలు పెట్టెల లెక్కలు, శిబిరాల ఖర్చులు ఉన్నాయి. దొరల పేర్లు, వాళ్ళ భార్యల పేర్లు, ఇంటి చిరునామాలతో సహా ఉన్నాయి. కూలీల దగ్గరికొచ్చేసరికి అంకెలే. ఒక కాగితం మీద "ఈరోజు చేరినవారు" అని అంకె ఒక్కటే ఉంది. అందులో ఒకటి మా తాత అయ్యుంటాడా అని తడిమి చూశాను. ఆ వారం నాకు సరిగ్గా నిద్రపట్టలేదు.

అయితే అక్కడే ఒక ముఖ్యమైన సంగతి తెలిసింది. 1942లో ఆ దారుల్లో జనాన్ని అందుకోవడానికి ప్రభుత్వం దగ్గర మనుషులు లేరు, సరంజామా లేదు. తేయాకు కంపెనీల సంఘాన్ని, అంటే ఇండియన్ టీ అసోసియేషన్‌ను అడిగారు. తోటల మేనేజర్లు తమ కూలీలను తీసుకెళ్ళి దారులు కొట్టించారు, శిబిరాలు నడిపారు. ఇంకో కనుమ దారిలో డఫా నది పొంగి జనం చిక్కుకుపోతే, టీ కంపెనీకి చెందిన గైల్స్ మాక్రెల్ ఏనుగులతో వెళ్ళి వాళ్ళను దాటించాడు. దానికి ఆయనకు జార్జ్ మెడల్ ఇచ్చారు. ఏనుగుల మీద కూర్చున్న మావటీలకు ఏమిచ్చారో నేను చదివినవాటిలో కనబడలేదు.

దారి దిగినవాళ్ళలో నడవలేనివాళ్ళు ఎక్కడికి పోయారు? అమెరికా సైన్యం మార్గెరిటాలో పెట్టిన పెద్ద ఆసుపత్రి గురించి చాలా రాతలున్నాయి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం డాక్టర్లతో వచ్చిన 20వ జనరల్ హాస్పిటల్ అది. వెదురు పాకల్లో మొదలై యుద్ధం ముగిసేలోగా డెబ్బై వేలకు పైగా రోగులను చూసింది. కానీ అది వచ్చింది 1943లో. తాత కొండ దిగింది 1942 జులైలో. అప్పటికి ఆ చుట్టుపక్కల పైకప్పు, మందుల బీరువా, డాక్టరు, ఈ మూడూ ఒకచోట ఉన్నవి కంపెనీల ఆసుపత్రులే. తేయాకు తోటలవి, బొగ్గు గనులవి, డిగ్బోయ్‌లో చమురు కంపెనీది.

ఆ ఆసుపత్రులు ధర్మానికి కట్టినవి కావు. ఈ మాట దాచకూడదు. అస్సాం తోటలకు తరలించిన కూలీలు మలేరియాతో, కాలా అజార్‌తో, కలరాతో పిట్టల్లా రాలిపోతుంటే పని ఆగిపోతుందని కట్టినవి. మన గంజాం, విశాఖ జిల్లాల నుంచి వెళ్ళినవాళ్ళూ అందులో ఉన్నారు. తోటలో వైద్యం కార్మికుడి హక్కుగా చట్టంలోకి ఎక్కింది 1951 ప్లాంటేషన్ లేబర్ చట్టంతోనే. కానీ పని ఆగకూడదని దాచిన క్వినైన్, పని ఆగకూడదని పెట్టుకున్న కాంపౌండరు, ఆ వానాకాలం ఏ పనికీ పనికిరాని మనుషుల కోసం ఖర్చయ్యారు. నా మట్టుకు ఈ రెండు నిజాలనూ పక్కపక్కనే పెట్టి చూడాలి.

ఏ తోట అన్నది తేలడానికే ఏడాదిన్నర పట్టింది. ఒక కంపెనీకి కలకత్తా చిరునామాకు మూడు ఉత్తరాలు రాశాను, రిజిస్టర్డ్ పోస్టులో. జవాబు లేదు. ఫోను చేస్తే పాత కాగితాలు లేవు అని పెట్టేశారు. చివరికి దారి చూపింది మా తమ్ముడు. వాడు రైల్వేలో చేశాడు. తిన్‌సుకియా డివిజనులో పనిచేసే మన విజయనగరం అతను ఒకడు వాడికి తెలుసు. అతని ద్వారా మార్గెరిటా పక్క తోట డాక్టరొకాయన ఫోనులో దొరికారు. నేను హిందీలో తడుముకుంటూ ఆకు మంచం సంగతి చెప్పాను. అవతల కాసేపు నిశ్శబ్దం. "అమ్మా, మీరు ఒకసారి రండి. ఇక్కడ ఒక ముసలాయన్ను మీరు కలవాలి" అన్నారు.

విశాఖలో వివేక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం, నేనూ తమ్ముడూ. దిగి, డిగ్బోయ్ మీదుగా మార్గెరిటా వెళ్ళే బస్సు పట్టుకున్నాం. నవంబరు ఎండ, రెండువైపులా నడుమెత్తు తేయాకు పొదలు, వాటికి నీడనిచ్చే చెట్లు. తమ్ముడు కిటికీలోంచి చూస్తూ, "అక్కా, తాత ఈ దారంట ఏడ్చుకుంటూ వచ్చుంటాడు కదే" అన్నాడు. నేను మాట్లాడలేదు.

ఆసుపత్రి చిన్నది. ఎర్ర రేకుల కప్పు, పొడవాటి వరండా, ఇరవై మంచాలు. మందుల గది నా కంటికి మా పీహెచ్‌సీ మందుల గదిలాగే ఉంది. అదే చెక్క బీరువా, అదే స్టాకు రిజిస్టరు, అంచులు నల్లబడిన అదే ఇండెంటు పుస్తకం. పాత రిజిస్టర్లు అడిగితే డాక్టరుగారు అటక మీదినుంచి రెండు ట్రంకు పెట్టెలు దింపించారు. ఒకదాంట్లో చెదపుట్ట తప్ప ఏమీ లేదు. రెండోదాంట్లో యాభైల తర్వాతివే ఉన్నాయి. ఒక్కొక్క పుట తిప్పాను. 1942 లేదు. కళ్ళు తుడుచుకుంటుంటే ఆయన, "పుస్తకం పోయింది, మనిషి ఉన్నాడు కదమ్మా" అని లేచారు.

కార్మికుల ఇళ్ళను అక్కడ లైన్లు అంటారు. ఆ పెద్దాయన ఇల్లు మూడో లైనులో. ఎనభై నాలుగేళ్ళు. ఇదే ఆసుపత్రిలో డ్రెసరుగా, అంటే పుళ్ళకు కట్లు కట్టే పనిలో, చేసి రిటైరయ్యారు. వాళ్ళ నాన్న కూడా డ్రెసరే, 1942లో. అప్పటికి ఈయన నాలుగేళ్ళ పిల్లాడు. నాన్న నోట జీవితమంతా విన్నదే చెప్పారు. ఆయన బాగానియా హిందీలో, అంటే తోట కార్మికుల హిందీలో, చెబితే డాక్టరుగారు నాకు అర్థమయ్యేలా సర్ది చెప్పారు.

జూన్ నుంచే జనం రావడం మొదలైందట. ఆసుపత్రి మంచాలు రెండు రోజుల్లో నిండిపోయాయి. వరండా నిండింది. అప్పుడు ఆకు వాడబెట్టే పాత షెడ్డు తెరిచారు. కోసిన తేయాకును మరలో వేసే ముందు ఒక రాత్రంతా పల్చగా పరిచి వాడనివ్వాలి. దానికోసం గోడ నుంచి గోడకు గోనెపట్టా బిగించిన బల్లలు ఒకదాని మీద ఒకటి అంతస్తులుగా ఉంటాయి. తాట్ అంటారు వాటిని. పై అంతస్తులు విప్పేసి, కింది పట్టాల మీద మనుషుల్ని పడుకోబెట్టారు. గోనెలో ఇరుక్కున్న ఆకు పూర్తిగా దులపడానికి కూడా తీరిక లేదట. రాత్రంతా పచ్చి ఆకు వాసన, చీము వాసన కలిసి వచ్చేదని వాళ్ళ నాన్న అనేవారట.

ఆ మాట వినగానే తమ్ముడు నా భుజం పట్టుకున్నాడు. ఆకు మంచం. తాత కలవరించలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, మాకే అర్థం కాలేదు.

నేను వృత్తిలో ఉన్నదాన్ని కాబట్టి కట్టు ఎలా కట్టేవాళ్ళో గుచ్చి గుచ్చి అడిగాను. పెద్దాయన లేచి చేత్తో చూపించారు. ముందు పొటాషియం పర్మాంగనేట్ నీళ్ళతో కడగడం.  తర్వాత చిమటాతో పురుగులు ఏరడం, కుళ్ళిన కండ కత్తెరతో తీసేయడం. మత్తు లేదు. ఇద్దరు కాళ్ళు పట్టుకునేవాళ్ళు. ఆ పైన యూసాల్, అంటే బ్లీచింగ్ సున్నం, బోరిక్ పొడి కలిపి చేసే నీళ్ళు. దానిలో తడిపిన గుడ్డ పుండులో కూరి, కాలివేళ్ళ నుంచి పైకి కట్టు. సల్ఫా పొడి ఎప్పుడైనా వస్తే మరీ పోయేలా ఉన్నవాళ్ళకే. పెనిసిలిన్ అన్న మాట అప్పటికి ఆ తోటలో ఎవరూ వినలేదు. ఈ పద్ధతిలో నాగా పుండు మానాలంటే నెలలు పడుతుంది. మందు కంటే చేతులు ఎక్కువ కావాలి. నేను మనసులో లెక్క వేసుకున్నాను. ఒక్కో కాలికి అరగంట అనుకున్నా, నలభైమంది ఉంటే ఒక్క విడతకు ఇరవై గంటల చాకిరీ. ఆసుపత్రిలో ఉన్నది ఒక డాక్టరు, ఒక కాంపౌండరు, ఇద్దరు డ్రెసర్లు.

ఆ డాక్టరు బాబు దిబ్రూగఢ్‌లోని బెర్రీ వైట్ మెడికల్ స్కూల్లో చదివిన లైసెన్షియేట్, అంటే డిగ్రీ కాక డిప్లొమా ఉన్న డాక్టరు అట. దిబ్రూగఢ్‌లో పనిచేసిన బ్రిటిష్ డాక్టరొకాయన ఇచ్చిన సొమ్ముతో 1900లో మొదలైన బడి అది. 1947లో అస్సాం మెడికల్ కాలేజీ అయింది. తోటల్లో పనిచేసిన డాక్టరు బాబుల్లో చాలామంది అక్కడివాళ్ళే. కంపెనీ పెద్ద డాక్టరు దొర అప్పుడప్పుడూ వచ్చి చూసి వెళ్ళేవాడు. రాత్రింబవళ్ళు ఉన్నది మాత్రం బాబే.

"మరి కట్టు గుడ్డలు అన్ని ఎక్కడివి?" అని అడిగాను.

పెద్దాయన నవ్వారు. లైన్లలో ఆడవాళ్ళు పాత చీరలు ఇచ్చారట. వాడిన కట్లు పారేయకుండా అన్నం వండే డేగిసాల్లో మరగబెట్టి, తేయాకు పొదల మీద ఆరేసేవాళ్ళు. దూరం నుంచి చూస్తే కొంగల గుంపు వాలినట్టుండేదని చెప్పారు. ఆకు కోతకు వెళ్ళాల్సిన ఆడవాళ్ళలో కొందర్ని గంజి కాయడానికి, నోట్లో పోయడానికి షెడ్డులో పెట్టారట. వాళ్ళలో ఒకామెను తెలంగా బుడీ అనేవారట, అంటే తెలుగు ముసలామె. అరిచేవాళ్ళ దగ్గరికి ఆమెనే పంపేవాళ్ళట, వచ్చినవాళ్ళలో ఆమె భాష వాళ్ళే ఎక్కువ గనక. "అరిస్తే ఒకామి వచ్చి మన మాటలో ఊరుకోబెట్టీది, గంజి పోసీది" అని తాత చెప్పిన ఆడమనిషి ఈమే అని రుజువు చేసే కాగితం నా దగ్గర లేదు. కానీ నాకు అనుమానం లేదు. ఆమె అసలు పేరు పెద్దాయనకు తెలియదు.

ఆ వానాకాలం షెడ్డు నుంచి కలరా లైన్లలోకి పాకింది. కార్మికుల పిల్లలు పోయారు. పెద్దాయన అక్క కూడా. ఈ సంగతి ఆయన ముందు చెప్పలేదు, వెళ్ళబోతుంటే గుమ్మం దగ్గర చెప్పారు. వాళ్ళ నాన్న అయినా మర్నాడు షెడ్డుకు వెళ్ళాడట. నేను ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాను. ఇంకేం చేయాలో తెలియలేదు. మా తాత బతికింది ఎవరి ఇంటి ఖర్చు మీదో ఎనభై ఏళ్ళ తర్వాత తెలిసింది.

షెడ్డు ఇప్పుడు లేదు. దాని పునాది మీద ట్రాక్టర్లు పెడుతున్నారు. చనిపోయినవాళ్ళను పూడ్చిన చోట కాలవ పక్కన తేయాకే వేశారు. ఒక గుర్తు రాయి కూడా లేదు. మర్నాడు డిగ్బోయ్ యుద్ధ స్మశానానికి వెళ్ళాం. కత్తిరించిన గడ్డి, వరసగా సుమారు రెండువందల రాళ్ళు, రాళ్ళ మీద సైనికుల పేర్లు చక్కగా చెక్కి ఉన్నాయి. ప్రతి పేరూ చదివాను. ఆ కుర్రాళ్ళ మీద నాకు ఏ కోపమూ లేదు. కానీ అంత శ్రద్ధలో నాలుగో వంతు కాలవ పక్కన పడుకున్నవాళ్ళకు దక్కాల్సింది.

లీడో దాకా వెళ్ళి, అనుమతి కాగితం తీసుకుని అరుణాచల్‌లో నాంపోంగ్ వరకూ వెళ్ళాం. పాంగ్సౌ కనుమ ఎత్తు మూడున్నర వేల అడుగులు దాటుతుంది. కారులో కూర్చున్నా తల తిరిగింది. నా వెంట తాత చివరి పంచె ముక్క తీసుకెళ్ళాను. దాన్ని ఎక్కడైనా వదలాలనుకున్నాను గాని, చేతులు రాలేదు. తిరిగి తెచ్చేశాను.

వచ్చే ముందు తాత పేరు, ఊరు, గాయం వివరాలు తెల్లకాగితం మీద రాసి, తెలంగా బుడీ సంగతీ పెద్దాయన నాన్నగారి పేరూ చేర్చి, డాక్టరుగారికి ఇచ్చాను. ఆయన దాన్ని ట్రంకు పెట్టెలో కాదు, ఇప్పటి ఇన్‌పేషెంటు రిజిస్టరు అట్టలోపల అంటించారు.

ఇప్పుడు నేను మా తీరం వెంట తిరుగుతున్నాను. కళింగపట్నం, బారువ, భీమిలి. రంగం నుంచి నడిచొచ్చినవాళ్ళు ఎవరూ మిగల్లేదు, వాళ్ళ పిల్లలు ఉన్నారు. మీ ఇంట్లో అలాంటివాళ్ళుంటే, వాళ్ళ నాన్నకో తాతకో కట్టు ఏ ఊళ్ళో కట్టారో అడిగి రాసి పెట్టండి. అర్థం కాని మాట చెబితే దాన్ని దిద్దకండి, వాళ్ళు పలికినట్టే రాయండి. పోయిన నెల బారువలో ఒక పెద్దావిడ, తొంభై దాటాయి, నా కథంతా విని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత చాప మీద చేత్తో రాస్తూ, "మా అయ్యా అనీవోడమ్మా. ఆకు మంచం, ఆకు మంచం అని. మాకు బోధపడనేదు" అంది.